సంతకం పెట్టేముందు ఒక మాట, చెల్లీ

ఆపరేషన్ అనగానే మనవాళ్ళు ముందుగా అడిగేది "డాక్టరెవరు? హస్తవాసి ఎలాంటిది?" అనే కదా. వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే చాలు, మెల్‌బోర్న్‌లో ఇటు క్లైడ్ నార్త్ నుంచి అటు టార్నీట్ దాకా ఉన్న మన ఆడవాళ్ళంతా పేర్లు చెప్పేస్తారు. "మావారికి ఆయనే చేశారు, కుట్టు కూడా కనపడదు" అని ఒకరు, "మన తెలుగాయనే, ఓపిగ్గా మాట్లాడతారు" అని ఇంకొకరు. అందులో తప్పేమీ లేదు. కానీ అక్కడితో ఆగిపోతాం. ఆ తర్వాత ఆసుపత్రివాళ్ళు కాగితం చేతికిస్తే, వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం చేసేస్తాం. ఆ సంతకం గురించే నీతో మాట్లాడాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

హస్తవాసి ఉత్త నమ్మకమేం కాదు, చెల్లీ. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే 20 మంది సర్జన్లు తలా ఒక వీడియో ఇచ్చారు. చేతులు, పరికరాలు తప్ప మనిషెవరో తెలియదు. తోటి సర్జన్లు వాటిని చూసి మార్కులు వేశారు. తర్వాత ఆ సర్జన్ల దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ వివరాలు తీసి పక్కన పెట్టి చూశారు. తక్కువ మార్కులు వచ్చినవాళ్ళ పేషెంట్లలో నూటికి 14.5 మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. బాగా ఎక్కువ మార్కులు వచ్చినవాళ్ళ దగ్గర నూటికి 5.2 మందికే. 2013లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. చేతి పనితనం ఉందన్నమాట నిజమే. దాన్ని చూడొచ్చు, కొలవొచ్చు. కొలవగలిగినప్పుడు ఎక్కడ తేడా ఉందో పట్టుకుని నేర్పనూ వచ్చు.

నేర్పడం అంటే గుర్తొచ్చింది. ఇక్కడ బెర్విక్‌లో కేసీ హాస్పిటల్‌కో, క్లేటన్‌లో మోనాష్‌కో వెళ్ళిన మనవాళ్ళలో చాలామందికి ఒకటే భయం, "చదువుకునే పిల్లాడెవరో కోస్తాడంట" అని. ఆ పిల్లాడు పిల్లాడేం కాదు. డాక్టరు చదువు పూర్తిచేసి, ఇంటర్న్‌గా, రెసిడెంట్‌గా కొన్నేళ్ళు పనిచేసి, పోటీలో నెగ్గి రాయల్ ఆస్ట్రలేషియన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ శిక్షణలో చేరినవాళ్ళు, వాళ్ళనే రిజిస్ట్రార్లు అంటారు. ఆ శిక్షణే మళ్ళీ అయిదారేళ్ళు. పైన పెద్ద డాక్టరు, అంటే కన్సల్టెంట్ ఉండి సరిగ్గా చూసుకుంటుంటే, రిజిస్ట్రార్ చేసిన మామూలు ఆపరేషన్లు పెద్ద డాక్టరు చేసినవాటికి తీసిపోవని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని "రిజిస్ట్రార్ వద్దు" అని పట్టుబట్టడం కంటే "కన్సల్టెంట్ థియేటర్లోనే ఉంటారా, పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటారా?" అని అడగడం మేలు. అడిగితే చెబుతారు. చెప్పాలి కూడా.

ఆపరేషన్ల ఫలితాల లెక్కలు రాసుకోవడం ఎంత పెద్ద పనో తెలియాలంటే ఒకాయన గురించి చెప్పాలి. ఇంగ్లాండులోని బ్రిస్టల్‌లో స్టీఫెన్ బోల్సిన్ అని ఒక మత్తు డాక్టరు ఉండేవారు. 1988లో అక్కడ చేరారు. పసిపిల్లల గుండె ఆపరేషన్లు ఉండాల్సినదాని కన్నా చాలా ఎక్కువసేపు సాగుతున్నాయని, పిల్లలు ఎక్కువగా చనిపోతున్నారని గమనించారు. ఊరికే బాధపడి ఊరుకోలేదు. ఒక్కో బిడ్డ వివరమూ రాసుకుంటూ పోయారు. పైవాళ్ళకు చెప్పారు. ఏళ్ళ తరబడి వినిపించుకున్నవాళ్ళు లేరు. చివరికి ఆయనే ఊరు విడిచి 1996లో మన విక్టోరియాకు, జీలాంగ్‌కు వచ్చేశారు. 2001లో విచారణ నివేదిక వచ్చింది. 1991 నుంచి 1995 దాకా అక్కడ ఏడాది లోపు పిల్లలు మామూలుగా జరగాల్సినదాని కన్నా 30 నుంచి 35 మంది ఎక్కువ చనిపోయారని తేల్చింది. ఆ పిల్లల తల్లులు కూడా "డాక్టరు గొప్పవాడు" అన్న మాట నమ్మే సంతకం పెట్టి ఉంటారు. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

ఇప్పుడు మన విక్టోరియాలో ఆ లెక్క రాయడం ఒక పద్ధతిగా జరుగుతోంది. సర్జన్ చేతికింద చేరిన మనిషి ఆసుపత్రిలో చనిపోతే ఆ సర్జన్ ఏం జరిగిందో వివరంగా రాసి పంపుతారు. పేర్లు తీసేసి, అదే విభాగానికి చెందిన వేరే సర్జన్‌కు ఇస్తారు. ఆయనకు అనుమానం వస్తే మొత్తం కేస్ షీట్ తెప్పించి ఇంకొకరు చదువుతారు. "ఇక్కడ ఆలస్యమైంది, ఇక్కడ ఇంకొకరి సలహా అడగాల్సింది" అని ఆ సర్జన్‌కే తిరిగి రాసి పంపుతారు. 2007 నుంచి సర్జన్ల కాలేజీయే దీన్ని నడుపుతోంది. ఇది నేర్పడానికి, శిక్షించడానికి కాదు. అందుకే గుట్టుగా ఉంచుతారు. గుట్టు లేకపోతే ఎవరూ నిజం రాయరన్నది వాళ్ళ వాదన. అది నాకు అర్థమవుతుంది. కానీ ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకు మాత్రం ఆ కాగితం కనపడదు కదా అని బాధగానే ఉంటుంది.

ఆ లోటు కొంత తీరేలా 2022 నవంబరు 30 నుంచి విక్టోరియాలో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఆసుపత్రిలో పెద్ద పొరపాటు జరిగి రోగికి తీవ్రంగా హాని జరిగితే, ఆ సంగతి వాళ్ళంతట వాళ్ళే చెప్పాలి, మనస్ఫూర్తిగా క్షమాపణ అడగాలి, కూర్చోబెట్టి మాట్లాడాలి, ఏం జరిగిందో రాసివ్వాలి. మనవాళ్ళలో ఇది తెలిసినవాళ్ళు చాలా తక్కువ. "మన రాత ఇంతే" అని లేచి వచ్చేస్తాం. రావద్దు. ఈ చట్టం మాట ఎత్తి అడుగు.

సరే, ఆపరేషన్ రోజు సంగతికి వద్దాం. ఆ రోజు నిన్ను విసిగించేస్తారు. పేరేంటి, పుట్టినతేదీ ఎప్పుడు, ఏం ఆపరేషన్, ఏ వైపు, ఏవైనా పడవా? వార్డులో నర్సు అడుగుతుంది, మత్తు డాక్టరు అడుగుతారు, థియేటర్ తలుపు దగ్గర మళ్ళీ అడుగుతారు. "ఇందాకే చెప్పాను కదా, ఫైల్ చూసుకోరా?" అనిపిస్తుంది. అనకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన 19 అంశాల చెక్‌లిస్ట్‌కు ఈ ప్రశ్నలే మొదలు. మత్తు ఇవ్వకముందు ఒకసారి, కత్తి పెట్టకముందు ఒకసారి, థియేటర్ దాటకముందు ఇంకోసారి అందరూ ఆగి సరిచూసుకుంటారు. గాజుగుడ్డలు, పరికరాల లెక్క కుదిరిందో లేదో చూసుకునేది ఆ చివరిసారే. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దీన్ని వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. అట్లాగని అన్నిచోట్లా అంత ఫలితం రాలేదు. కెనడాలోని ఒంటారియోలో ఆసుపత్రులన్నీ దీన్ని మొదలుపెట్టాక చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని 2014లో తేలింది. నా మటుకు నాకు అందులో ఆశ్చర్యం లేదు. గబగబా టిక్కులు కొట్టి పక్కన పెడితే కాగితం ఎవరినీ కాపాడదు. అడిగేవాళ్ళు ఆగి అడగాలి, మనమూ శ్రద్ధగా చెప్పాలి.

మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంటిపేరు పాస్‌పోర్ట్‌లో ఒకచోట, మెడికేర్ కార్డులో ఇంకోచోట ఉంటుంది. వెంకట లక్ష్మి అన్న పేరు ఒక ఫైల్లో లక్ష్మి, ఇంకో ఫైల్లో వెంకట. ఇక అమ్మలకు, అత్తయ్యలకు పుట్టినతేదీలు రెండు. ఒకటి అసలుది, ఇంకొకటి బడిలో మాస్టారు వేసింది. థియేటర్ బయట మంచం మీద పడుకుని, కంగారులో అత్తయ్య అసలు తేదీ చెప్పిందనుకో, చేతికున్న పట్టీ మీద తేదీతో అది కలవదు. వాళ్ళు అక్కడితో ఆపేస్తారు, ఆపాలి కూడా. అందుకని ముందురోజు రాత్రే కూర్చోబెట్టి "అత్తయ్యా, రేపు ఎవరడిగినా పాస్‌పోర్ట్‌లో ఉన్న తేదీనే చెప్పండి, పేరు మొత్తం చెప్పండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పు. మోకాలికో, కంటికో అయితే ఏ వైపో ఆవిడనే చూపించమను. పెన్నుతో గుర్తు పెడతారు, స్నానంలో అది చెరిపేయకూడదు. తాగే కషాయాలు, అశ్వగంధ పొడులు, రక్తాన్ని పలచబరిచే మాత్రలు ఏవైనా ఉంటే ముందే చెప్పాలి. "ఇంటి మందే కదా" అని దాచుకోవద్దు.

తర్జుమాకు నీ పిల్లల్ని నిలబెట్టకు. పన్నెండేళ్ళ పిల్ల నానమ్మకు గర్భసంచి సంగతి ఎలా చెబుతుంది? ప్రభుత్వ ఆసుపత్రుల్లో దుబాసీని ఉచితంగా ఇస్తారు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అని చెప్పాలి. ఫోన్ మీదైనా కలుపుతారు.

గర్భసంచి అన్నాను కదా, అసలు నా మనసులో ఉన్న బరువు అదే. పోయినేడు ఒంగోలు దగ్గర నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఆవిడ నాకన్నా చిన్నది, నలభై ఒకటో ఏడు. "అమ్మాయ్, గర్భసంచి తీసెయ్యాలంట, ఎల్లుండే రమ్మన్నారు" అంది, బజారుకెళుతున్నంత మామూలుగా.

"ఎందుకు పిన్నీ?"

"తెల్లబట్ట అవుతోంది, నడుం లాగుతోంది. వదిలేస్తే కేన్సర్ అవుద్దన్నారు. పిల్లలు అయిపోయారుగా, ఇంకెందుకది అన్నారు."

స్కాన్ కాగితం ఫోటో తీసి పంపమన్నాను. గడ్డల్లేవు, పొర మందం కాలేదు. ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరమ్మకు చూపించింది. ఆవిడ కేన్సర్ పరీక్ష చేసి, ఏమీ లేదని తేల్చి, ఇన్ఫెక్షన్‌కు మందులిచ్చింది. పిన్ని ఇప్పుడు పొలానికి వెళుతోంది, సంచి సంచిగానే ఉంది.

పిన్ని ఒక్కతే అయితే ఇంత రాయను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, దేశం మొత్తంలో నూటికి 3.2 మంది గర్భసంచి తీయించుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన రెండు రాష్ట్రాలే ముందు వరసలో ఉన్నాయి. మన ఆడవాళ్ళ శరీరాలేమీ వేరే కాదు కదా! అవసరం ఉన్న ఆపరేషన్లూ అందులో ఉంటాయి, కాదనను. కానీ మందులతో, గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరంతో ఆగిపోయే రక్తస్రావానికి కూడా కత్తి పెడుతున్నారు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్నవయసులోనే ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. ఈ అనవసరపు ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో కలగజేసుకుని, కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. పెళ్ళిచీరకు నాలుగు షాపులు తిరిగే మనం, ఒంట్లో అవయవం తీయించుకోవడానికి ఒక్క డాక్టరు మాటతో సరిపెట్టుకోవడమేంటి?

ఇబ్రహీంపట్నం గుర్తుందా? 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లాలోని ఆ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షన్ సోకింది. చంటిపిల్లల్ని ఇంట్లో వదిలి, సాయంత్రానికి వచ్చేస్తామని వెళ్ళిన తల్లులు వాళ్ళు. ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య పరికరాలు శుద్ధి చేయడానికి పట్టే టైము పట్టాల్సిందే. "ఇవాళ ఎంతమందికి చేస్తున్నారు?" అని అడిగే ధైర్యం ఆ వరండాలో కూర్చున్న ఏ ఆడదానికి ఉంటుంది చెప్పు? అందుకే ఇంట్లో చదువుకున్నవాళ్ళం మనం అడగాలి, ఫోన్లోనైనా సరే.

ఇండియా వెళ్ళినా, ఇక్కడున్నా అడగాల్సినవి ఇవే. ఈ ఆపరేషన్ చేయకుండా ఆరు నెలలు చూస్తే ఏమవుతుంది? మందులతో ప్రయత్నించామా? మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, మీ దగ్గర ఎంతమందికి ఇబ్బంది వచ్చింది? మంచి సర్జన్ ఈ మాటకు నొచ్చుకోరు. నొచ్చుకుంటే అది కూడా నీకొక సమాచారమే. అందానికి చేసే క్లినిక్కులైతే ఇంకా జాగ్రత్త. ఆస్ట్రేలియాలో 2023 సెప్టెంబరు దాకా సర్జరీలో ప్రత్యేక శిక్షణ లేని డాక్టరు కూడా "కాస్మెటిక్ సర్జన్" అని బోర్డు పెట్టుకోగలిగారు. ఇప్పుడు కుదరదు. డాక్టర్ల రిజిస్ట్రేషన్ చూసే ఆప్రా వెబ్‌సైట్లో పేరు కొడితే ఎవరికి ఏ స్పెషాలిటీ ఉందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇంకొక్కటి, ఇంటికి పంపించాక సంగతి. మనవాళ్ళు ఇక్కడే మొహమాటపడతారు. "ఈ వేళప్పుడు వాళ్ళని ఇబ్బంది పెట్టడమెందుకు, తెల్లారనీ" అంటారు. జ్వరం వచ్చినా, కుట్టు ఎర్రబడి చీము పట్టినా, నొప్పి తగ్గాల్సింది పెరుగుతున్నా ఆసుపత్రివాళ్ళిచ్చిన నంబరుకు చెయ్యి. అది దొరకకపోతే నర్స్ ఆన్ కాల్ ఉంది, 1300 60 60 24, రాత్రీపగలూ ఎత్తుతారు. పిక్క వాచి ఊపిరి అందకపోతే మాత్రం ఎవరినీ అడగకుండా 000 కొట్టు.