ఆకుపచ్చ రాయిలో మెరుపు – బంగారమా, కాదా?

నేను ఎనిమిదో తరగతి చదువుతుండగా, సెలవులకు వెళ్లి వచ్చిన మా గది మిత్రుడు ఒక ఆకుపచ్చ రాయి తెచ్చి ట్రంకుపెట్టెలో దాచాడు. దాని నిండా పసుపుపచ్చని మెరుపులు. అతనిది పూర్వపు అనంతపురం జిల్లాలోని రామగిరి ప్రాంతం. అక్కడ బంగారు గనులు ఉండేవి. "అమ్మితే నాన్న అప్పు తీరుతుంది, ఇక చదువెందుకు?" అన్నాడు. మా సైన్సు మాస్టారు నవ్వలేదు. "పరీక్షించి చూద్దాం" అన్నారు.

రాయి ఎలా పుట్టింది?

భూమి లోపలి వేడికి, పీడనానికి మారిన శిలలే రూపాంతర శిలలు. బసాల్టు అనే నల్లని లావా రాయి సుమారు 300 నుండి 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో, నీటి సమక్షంలో మారినప్పుడు క్లోరైటు, ఎపిడోటు వంటి ఆకుపచ్చ ఖనిజాలు ఏర్పడతాయి. పీడనం వల్ల రేకులన్నీ ఒకే దిశలో అమరి రాయి పొరలుగా విడుతుంది. ఇదే క్లోరైటు షిస్టు. క్లోరైటు పేరు 'లేతాకుపచ్చ' అనే అర్థమున్న గ్రీకు మాట నుండి వచ్చింది. అందులో క్లోరిన్ ఉండదు! రామగిరి ప్రాంతపు ఈ శిలల వయసు 250 కోట్ల సంవత్సరాలకు పైమాటే.

మెరుపును గుర్తించడం ఎలా?

1. గోటితో లేస్తే, పలుచని రేకుగా ఊడితే అది అభ్రకం. మన పల్లెల్లో కాకిబంగారం అంటారు.
2. నల్లగా మెరుస్తూ అయస్కాంతానికి అంటుకుంటే మాగ్నటైటు.
3. పగిలిన టైలు వెనుక గరుకువైపు గీయండి. బంగారం పసుపు గీత ఇస్తుంది. పైరైటు ఆకుపచ్చ కలిసిన నల్లని గీత ఇస్తుంది.
4. సుత్తితో కొడితే బంగారం సాగుతుంది, పైరైటు పొడి అవుతుంది. కొట్టేటప్పుడు కళ్లు జాగ్రత్త.

పైరైటును నిప్పుల్లో వేయకండి. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. ఘాటైన విషవాయువు వస్తుంది.

మా వాడి రాయి నల్లగీత ఇచ్చింది. చిన్న చిన్న ఘనాకారపు పలుకులు పొడి అయ్యాయి. వాడు ఏడ్చాడు. మాస్టారు భుజం తట్టి, "బంగారం ఉండే రాళ్లలో పైరైటు కూడా ఉంటుంది. నువ్వు చూసిన చోటు తప్పు కాదు. తేడా తెలియాలంటే చదువు కావాలి" అన్నారు.

వాడు చదువు మానలేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మెరిసేదాన్ని నమ్మే ముందు ఒక్క గీత గీసి చూడండి.