నూజెండ్ల నుంచి ఏ దేశం? టికెట్‌కి ముందు, దిగిన తర్వాత

వినుకొండలోనో నరసరావుపేటలోనో కన్సల్టెన్సీకి వెళ్లి ఏ దేశం మంచిదని అడిగితే, ఎక్కువసార్లు తమకు ఏ కాలేజీతో ఒప్పందం ఉంటే ఆ దేశం పేరే చెప్తారు. మనవాళ్లేమో జీతం చూసి తలూపుతారు. అసలు చూసుకోవాల్సినవి రెండు. చదువయ్యాక ఆ దేశం మిమ్మల్ని ఎన్నాళ్లు ఉండనిస్తుంది? ఆ లోపు అప్పు తీరుతుందా?

ముందు వడ్డీ లెక్క

మన వైపు ఆస్తంటే పొలమే. సాగు భూమిని తాకట్టు పెట్టుకుని విద్యారుణం ఇవ్వడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు, ఇల్లో ఇళ్ల స్థలమో చూపించమంటాయి. దాంతో తక్కువ పడిన సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. 20 లక్షలు తెస్తే వడ్డీయే నెలకు 40 వేలు. రెండేళ్ల చదువుకు ఆరు నెలల ఉద్యోగ వేట కలుపుకుంటే 12 లక్షలు. 2025లో లాగా గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయిన ఏడాది ఈ వడ్డీ పొలం మీద తీరదు. అక్కడ చదువుకునే పిల్లల మీద పడుతుంది. ఈ లెక్క కాగితం మీద పెట్టాకే దేశం పేరెత్తండి.

ఏ దేశం ఎవరికి

అమెరికా: జీతాలు ఎక్కువ, మనవాళ్లూ ఎక్కువ. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సైతే మరో 24 నెలలు. ఆపైన హెచ్‌1బీ ఉద్యోగ వీసాకు ఎంపిక కావాలి, దాని వార్షిక కోటా 85 వేలే. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం దాటకూడదన్న నిబంధన వల్ల మనవాళ్లు ఏళ్ల తరబడి వరసలో ఉంటున్నారు. ఆ మూడేళ్లలో అప్పు తీర్చేయగలం అనుకునేవాళ్లే అటు చూడాలి.

జర్మనీ: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. అది ఫీజు కాదు, మన డబ్బే. అక్కడికి వెళ్లాక ఖర్చులకు నెలకు 992 యూరోల చొప్పున చేతికొస్తుంది. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. చిక్కల్లా భాషతోనే. సీటు ఇంగ్లిష్ కోర్సులో వచ్చినా, ఉద్యోగం దగ్గర జర్మన్ అడిగే కంపెనీలే ఎక్కువ. ఊళ్లో ఉండగానే జర్మన్‌లో ఏ2 (ప్రాథమిక) స్థాయి పూర్తిచేసుకుని విమానం ఎక్కండి.

బ్రిటన్: మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లు ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాను, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలకు కుదించారు. మామూలు మాస్టర్స్‌కు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు 2024 జనవరితోనే పోయింది.

గల్ఫ్: ఇది చదువుకు కాదు, పనికి వెళ్లేవాళ్ల దారి. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్) కోవలోకి వస్తుంది. పనికి వెళ్లేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి. విజిట్ వీసా మీద పంపిస్తానంటే అక్కడితో మాట ఆపేయండి.

బయల్దేరే ముందు

పది మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, డిగ్రీ సర్టిఫికెట్‌లో పేరు చివర ఉంటే వీసా దగ్గర తిప్పలు తప్పవు. అన్నీ ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోండి. పెట్టెలో కారం, కందిపొడి సరే. నెయ్యి, కోడి పచ్చడి యూరప్‌కు తీసుకెళ్లకూడదు, విమానాశ్రయంలోనే పారబోస్తారు. ఆస్ట్రేలియా వెళ్తే తినేదేదైనా సరే, దిగేటప్పుడు ఇచ్చే కార్డులో రాయాలి, దాస్తే జరిమానా. రెంటచింతల ఎండలు చూసిన ఒంటికి యూరప్, అమెరికా చలి కొత్త. ఇక్కడ కొన్న స్వెట్టర్లు చాలవు, మంచి కోటు అక్కడే కొనుక్కోండి.

దిగాక మొదటి నెల

జర్మనీలో ఇంట్లో చేరిన రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనన్న గది అద్దె తక్కువైనా వద్దు. ఇల్లు చూపించకుండా అడ్వాన్సు అడిగేవాళ్లను నమ్మొద్దు.

అమెరికాలో విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటల వరకే పనిచేయొచ్చు. అనుమతి లేకుండా పెట్రోల్ బంకులో చేసే పని వీసాకే ముప్పు. తరగతులు లేకుండా వీసా నిలబెడతామనే కాలేజీల జోలికి పోవద్దు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో నడిచిన యూనివర్సిటీ నిజానికి అక్కడి అధికారులు పన్నిన వల. 2019 జనవరిలో అందులో పట్టుబడ్డవాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది.

చివరి మాట

బ్యాంకు రుణం మొత్తం దొరికి, చదివేది కంప్యూటర్ కోర్సైతే అమెరికా లెక్క సరిపోవచ్చు. బయట వడ్డీకి తెస్తే తప్ప కదలలేని ఇంటికి నేను జర్మనీయే చెప్తాను. ఒక ఏడాది ఆలస్యమైనా ఫరవాలేదు, భాష నేర్చుకుని వెళ్లండి. ఆ ఏడాదికి అయ్యే ఖర్చు, 20 లక్షల మీద కట్టే ఏడాది వడ్డీ కంటే తక్కువే.