గుట్టెక్కినంక బండి కాలిన వాసనొస్తే

చెల్లె, శనివారమో ఆదివారమో కారు తీస్కొని యాదగిరిగుట్టకు పోయినవనుకో. ఉప్పల్ దాటి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి మీదికెల్లి రాయగిరి దాక బండి సాఫీగ ఉరుకుతది. అసలు తిప్పలు ఘాట్ రోడ్డు ఎక్కినంకనే. 2022 మార్చి 28న కొత్తగ కట్టిన గుడి తెరిచినప్పటి సంది జనం మస్తు పెరిగిండ్రు. ముంగట బస్సు ఆగుతది, నువ్వు ఆగుతవ్. అది జానెడు జరుగుతది, నువ్వు జరుగుతవ్. ఎట్లనో పైకి చేరి తలుపు తీస్తవో లేదో, గుప్పున కాలిన వాసన. ఎనక కూసున్నోళ్లు "ఏం గాదు, పక్క బండిదేమో" అంటరు. ఆ మాట పట్టుకొని గుడికి ఉరకకు. పిల్లల్ని దింపి నీడకు పంపు, నువ్వు ఒక్క ఐదు నిమిషాలు బండి కాడ నిలబడు. వాసన యాడికెల్లి వస్తుందో బండి వేడి మీదున్నప్పుడే దొరుకుతది. దర్శనం చేసుకొని వచ్చే వరకు జాడ ఉండదు.

ఎక్కేటప్పుడు వచ్చేది చాన మటుకు క్లచ్ వాసనే. క్లచ్ ప్లేటు ఇంజిన్‌కు గట్టిగ అతుక్కుంటేనే ఇంజిన్ బలం చక్రాలకు పోతది. ఎత్తు మీద బండి ఎనకకు జారకుండ పెడల్ సగం తొక్కి, ఎక్సలేటర్ జర ఇచ్చి పట్టుకుంటం సూడు, దాన్నే హాఫ్ క్లచ్ అంటరు. అప్పుడు ప్లేటు పూరా అతుక్కోదు, పూరా విడవదు. రాసుకుంట రాసుకుంట వేడెక్కి దాని మీది పొర మాడుతది. అందుకే ఆగినప్పుడల్లా హ్యాండ్ బ్రేక్ గుంజు. ముంగటి బండి నాలుగడుగులు కాదు, మంచిగ జాగ ఇచ్చినంక ఒక్కపారి కదులు. ఎనకోళ్లు హారన్ కొడ్తె కొట్టనియ్. నీ క్లచ్ ప్లేటు ఖర్చు వాళ్లు ఇయ్యరు గద!

"నాది ఆటోమేటిక్, నాకు క్లచ్చే లేదు" అనుకోకు. మన తాన 2014ల సెలేరియోతోని మొదలైన ఏఎంటీ బండ్లల్ల క్లచ్ ప్లేటు ఉంటది, పెడల్ ఒక్కటే ఉండదు. ఎత్తు మీద ఎక్సలేటర్‌తోని బండిని నిలబెడ్తె అది కూడ గట్లనే మాడుతది. బ్రేకు తొక్కే ఉండాలె. ఈ ముచ్చట షోరూముల శానమందికి ఎవ్వరు చెప్పరు, అందుకే నొక్కి చెప్తున్న.

దిగినంక వాసనొస్తే మాత్రం బ్రేకులను అనుమానించు. అప్పుడు బండి చుట్టు ఒక్క చుట్టు తిరుగు. ఒక్కొక్క చక్రం కాడ వంగి, అరచెయ్యి కాదు, చెయ్యి ఎనక భాగం జానెడు దూరంల పెట్టి సెగ చూడు. ముట్టకు, డిస్కు వందల డిగ్రీల వేడి మీద ఉండొచ్చు. ముంగటి రెండు చక్రాలు ఒక్క తీరుగ వేడిగ ఉంటే దిగుడుల బ్రేకు ఎక్కువ తొక్కినవన్నట్టు, చల్లారనిస్తే సరిపోతది. ఒక్క చక్రమే సెగ కొడ్తుంటే ఆ బ్రేకు పట్టుకొని విడుస్తలేదు. ఎనక రెండే కాలుతుంటే హ్యాండ్ బ్రేక్ పూరా దింపినవో లేదో చూడు. తొందర పడి నీళ్లు మాత్రం పొయ్యకు, డిస్కు వంకర పోతది.

దిగేటప్పుడు రెండో గేరు ఏస్కో, ఇంజినే బండిని ఆపుకుంట వస్తది. పెట్రోల్ మిగులుతదని ఇంజిన్ బంద్ చేసి న్యూట్రల్‌ల దిగేటోళ్లను చూస్తే నాకు భయమైతది చెల్లె. ఇంజిన్ ఆగితే రెండు మూడు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలెక్క గట్టిపడ్తది, స్టీరింగ్ బరువెక్కుతది. బ్రేక్ ఆయిల్ సంగతి కూడ తెలుసుకో. డాట్ 4 రకం కొత్తది 230 డిగ్రీల దాక మరగదు. అది గాలిల తేమను పీల్చుకుంటది. తేమ పట్టిన పాత ఆయిల్ 155 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే బుడగలొచ్చి పెడల్ మెత్తగ కిందికి పోతది. రెండేండ్లకోసారి మార్పియ్యమనేది గందుకే.

గుట్ట కాడ కొత్త బండికి పూజ చేయించినోళ్లకు ఇంకో మాట. ముంగటి జాలీ మీద దండలు గుత్తులు గుత్తులు కట్టి అట్లనే ఇంటి దాక తోలకండి, రేడియేటర్‌కు గాలి ఆడదు. పూజ అయినంక విప్పి పక్కన పెట్టుకోండి. కొత్త బండి సైలెన్సర్ మీది పూత మొదట్ల జర వాసనిస్తది, దానికి గాబరా అక్కర లేదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లు ఫిల్టర్‌ల పేరుకున్న మసిని తామే కాల్చుకుంటయ్, అప్పుడు కూడ వాసనొస్తది. ఎండాకాలంల అసొంటి బండిని ఎండు గడ్డి మీద మాత్రం ఆపొద్దు.

తియ్యటి వాసనొచ్చి టెంపరేచర్ ముల్లు పైకెక్కితే కూలెంట్ కారుతున్నట్టు. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకు, మొఖం మీద చిమ్ముతది. మాడిన నూనె వాసనైతే గాస్కెట్ కాడికెల్లి ఇంజిన్ ఆయిల్ సైలెన్సర్ పైపు మీద పడ్తున్నదేమో చూపియ్. ప్లాస్టిక్, వైర్లు కాలిన వాసనకు, పెట్రోల్ వాసనకు మాత్రం ఐదు నిమిషాలు నిలబడుడు లేదు. ఇంజిన్ బంద్ చెయ్యి, అందర్ని దింపి దూరం జరుపు. పొగొస్తుంటే బానెట్ లేపకు, గాలి తగిలి మంట లేస్తది. 101కి ఫోన్ చెయ్యి. బయట బిగించిన పెద్ద హారన్లు, లైట్ల వైరింగ్ ఉంటే షార్ట్ సర్క్యూట్ అనుమానం ముందుగాల దాని మీదనే పెట్టు.

గుట్ట కిందనే వాసన మొదలైతే బండిని అక్కడ్నే ఆపి, దేవస్థానం బస్సుల పైకి పో. దేవుడు యాడికి పోడు.

మెకానిక్ కాడికి పోయినప్పుడు "వాసనొస్తుందన్నా" అని ఊకోకు. ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, ఏ చక్రం కాడ, ఎంతసేపు, పెడల్ ఎట్లుండె, అన్ని ఫోన్‌ల రాసుకొని చదివి చెప్పు. క్లచ్ ప్లేటు మార్చాలె అంటే ఒక్కటడుగు: "పై గేర్ల ఎక్సలేటర్ తొక్కితే ఇంజిన్ మోత పెరిగి బండి ఉరకకుంటున్నదా? నన్ను పక్కన కూసోబెట్టుకొని తోలి చూపియ్." మార్చినంక పాత ప్లేటు నీ చేతిల పెట్టుమను. పొర అరిగి రివెట్లు బయటికి తేలినయా చూడు. పొర మందంగనే ఉంటే ఎందుకు మార్చిండో ఆడనే నిలబడి అడుగు.