పొరపాటు సోదా: పరిహార మార్గాలు

చిరునామా పొరబడి పోలీసులు ఇల్లు సోదా చేసినచో, ఆ ఇంటివారు ఇరుగుపొరుగువారి అనుమానాన్ని మౌనంగా భరించనవసరం లేదు. న్యాయం కోరడానికి సోదా పత్రాలే తొలి ఆధారం.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 ప్రకారం సోదా ఇద్దరు స్థానిక సాక్షుల సమక్షంలో జరగాలి. దానిని వీడియో తీయాలి. స్వాధీనపరచుకొన్న వస్తువుల జాబితా నకలును ఇంటివారికి ఇవ్వాలి. వారంటు లేని సోదాకు అధికారి లిఖించిన కారణాలు 48 గంటలలోగా మేజిస్ట్రేటుకు చేరాలి. దరఖాస్తు చేసుకొన్న ఇంటివారికి వాటి నకలు ఉచితంగా లభిస్తుంది.

ఈ నకళ్లతో పోలీసు ఉన్నతాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. నష్టపరిహారానికై రాజ్యాంగం 226వ అధికరణం క్రింద హైకోర్టును ఆశ్రయించవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు సంఘటన జరిగిన ఏడాదిలోగా, రుసుము లేకుండా, తెలుగులోనే విన్నవించుకోవచ్చు.