తెర కోసం గీసిన చిత్తరువు

మన సినిమాలలో గోడమీద పూలదండ వేసిన పటం కనిపిస్తే, ఆ మనిషి లేడని ప్రేక్షకునికి వేరే చెప్పనక్కరలేదు. మిగిలిన పటాలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. కుర్చీ, దీపం, గడియారం వలెనే అవీ కళాదర్శకుని లెక్కలో ప్రాపర్టీలు. అయితే కొన్ని కథలలో పటమే ఒక పాత్ర. అది లేనిదే కథ నడవదు. అటువంటి పటం అంగడిలో దొరకదు. మ్యూజియం నుంచి ఎరవు తెచ్చుకున్నా పనికిరాదు. అందులో ఉండవలసింది ఆ నటుని ముఖమే కనుక చిత్రకారుని పిలిచి కొత్తగా గీయించవలసిందే.

ఆస్కార్ వైల్డ్ నవల 'ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే' 1890లో వెలువడింది. అందులో డోరియన్ అనే అందగాడు తన యౌవనం తనకే నిలిచిపోవాలనీ, వార్ధక్యం తన పటానికి రావాలనీ కోరుకుంటాడు. కోరిక ఫలిస్తుంది. అతడు చేసిన ప్రతి పాపమూ పటంమీదికే ఎక్కుతుంది. అతని ముఖం మాత్రం చెక్కుచెదరదు. నవలాకారునికి ఇది కష్టమైన పని కాదు. పటం వికృతమైందని రాస్తే, ఎంత వికృతమో పాఠకుడే ఊహించుకుంటాడు. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. దాచినంతసేపు దాచి, చివరకు తెర తొలగించి చూపవలసిందే. చూపిన పటం ఊహకు తగ్గిందా, అంతవరకు నడిపిన కథ అంతా వృథా.

ఈ నవలను దర్శకుడు ఆల్బర్ట్ లూయిన్ హాలీవుడ్‌లో సినిమాగా తీశాడు. అది 1945లో విడుదలైంది. దానికి రెండు పటాలు కావలసివచ్చాయి. డోరియన్ యౌవనరూపాన్ని పోర్చుగల్ చిత్రకారుడు హెన్రిక్ మెదీనా గీశాడు. వికృతరూపాన్ని ఐవాన్ ఆల్‌బ్రైట్‌కు అప్పగించారు. ఈయన అమెరికా దేశస్థుడు, షికాగో ప్రాంతంవాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులోని సైనిక వైద్యశాలలో క్షతగాత్రుల గాయాలను చూచి బొమ్మలు గీసే ఉద్యోగం చేశాడు. తరువాత గీసిన చిత్రాలలోనూ మానవదేహం వడలిపోయి, ముడతలు పడి, శిథిలమవుతున్నట్లే కనిపిస్తుంది. పైగా ఆయన పని మహా నెమ్మది. ఒక మూసిన తలుపును గీయడానికి 1931 నుంచి 1941 దాకా పదేళ్లు పట్టింది. అటువంటివాణ్ణి సినిమా గడువులో ఇరికించడం సాహసమనే అనాలి. ఐవాన్ కవల సోదరుడు మాల్విన్ కూడా చిత్రకారుడే. యౌవనపు పటానికి మొదట ఆయననే నియమించారు. తెరకెక్కింది మాత్రం మెదీనా పటం.

సినిమా అంతా నలుపు తెలుపులలో సాగుతుంది. పటం కనిపించే కొద్ది క్షణాలు మాత్రం టెక్నికలర్‌లో వస్తాయి. చర్మమంతా పుండ్లు, నెత్తుటి చేతులు, పేలికలైన దుస్తులు. మనిషే కాదు, అతడు నిలిచిన గది కూడా కుళ్లిపోతున్నట్లుంటుంది. బూడిదవన్నె లోకంలో హఠాత్తుగా రంగులు విరుచుకుపడగానే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. విచిత్రమేమంటే, ఈ సినిమాకు ఆస్కార్ బహుమతి వచ్చింది నలుపు తెలుపు ఛాయాగ్రహణానికి!

చేయి తిరిగిన చిత్రకారులు గీసిందల్లా కెమెరాకు నచ్చుతుందనుకోరాదు. 1944 నాటి 'లారా' సినిమాలో ఒక డిటెక్టివ్, హత్యకు గురైందనుకున్న యువతి పటాన్ని చూస్తూ ఆమెను ప్రేమిస్తాడు. మొదటి దర్శకుడు రూబెన్ మమూలియన్ భార్య అజేడియా న్యూమన్ ఆ పటం గీసింది. ఆయన స్థానంలో వచ్చిన ఓటో ప్రెమింజర్ దానిని పక్కన పెట్టాడు. నటి జీన్ టియర్నీ ఛాయాచిత్రాన్ని పెద్దది చేయించి, దానిమీద తైలవర్ణాలు పూయించి గోడకు తగిలించాడు. నిజమైన వర్ణచిత్రం ఓడిపోయి, రంగు పూసిన ఫోటో గెలిచింది. చిత్రకారిణికి అది అన్యాయమే కావచ్చు. కాని ఆ డిటెక్టివ్ వలచింది కళాఖండాన్ని కాదు, మనిషిని. కథకు ఏది అవసరమో దర్శకుడు గ్రహించాడనే నాకు తోస్తుంది.

పటం గీస్తుండగానే చూపవలసివస్తే చిక్కు మరింత పెద్దది. సెలీన్ సియామా దర్శకత్వంలో 2019లో వచ్చిన ఫ్రెంచి సినిమా 'పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్'లో చిత్రకారిణి పాత్రను నోయెమీ మెర్లాన్ నటించింది. దగ్గరగా చూపిన దృశ్యాలలో కుంచె పట్టిన చేయి మాత్రం ఆమెది కాదు. ఆ పటాలను గీసిన ఎలెన్ డెల్మేర్‌ది. ముఖం ఒకరిది, చేయి మరొకరిది.

పేరు సంగతి కూడా ఇంచుమించు ఇంతే. 2014 నాటి 'ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్'లో అందరూ కొట్లాడుకునే 'యాపిల్ పట్టుకున్న బాలుడు' పటం కథలో ఒక ప్రాచీన మహాచిత్రకారునిది. ఆ చిత్రకారుడు కల్పితుడు. నిజంగా గీసినవాడు మైకేల్ టేలర్ అనే నేటి ఆంగ్ల చిత్రకారుడు. డోరియన్ పటమూ కథలో బేసిల్ హాల్వర్డ్ చేతిదే.

ఆల్‌బ్రైట్ మాత్రం తన పటాన్ని సినిమాకే వదిలివేయలేదు. సుమారు ఏడడుగుల ఎత్తున్న ఆ చిత్రాన్ని 1977లో షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు తానే బహూకరించాడు. ఆ సంస్థ జాబితాలో చిత్రకారుని పేరు ఉండవలసిన చోట బేసిల్ హాల్వర్డ్ అని లేదు. ఐవాన్ ఆల్‌బ్రైట్ అని ఉంది.