పలుచని చెక్క కోత: ఓపికే పొదుపు

దాతల సొమ్ముతో కొన్న చెక్క పలక ఒక్కటి పాడైనా మేము లెక్క చెప్పుకోవలసిందే. అందుకే మా శిక్షణ తరగతిలో క్రికట్ మేకర్ యంత్రంపై ముందు అట్ట కోయించి, కొలత సరిచూశాకే ఆడపిల్లల చేతికి చెక్క ఇస్తాము.

ఈ యంత్రపు నైఫ్ బ్లేడు 2.4 మిల్లీమీటర్ల మందం వరకే కోస్తుంది. బాల్సా, బాస్‌వుడ్ వంటి మెత్తని చెక్కలు దీనికి అనువైనవి. పలకను బాగా అంటుకునే ఊదారంగు మ్యాట్‌పై పరచి, నాలుగు అంచులకూ టేపు వేయాలి. కడ్డీపై ఉన్న తెల్లని చక్రాలను కుడి చివరకు జరపాలి. లేకుంటే చెక్కపై వాటి ముద్రలు పడతాయి.

బ్లేడు ఒక్క దెబ్బకు కోయదు. ఒకే గీతపై పలుమార్లు నడుస్తూ కొంచెం కొంచెంగా లోతుకు దిగుతుంది. మొదట్లో మేము తొందరపడి మ్యాట్‌ను బయటికి తీశాము. చూస్తే కోత సగమే దిగింది. తిరిగి పెడితే గీత తప్పి, పలక వృథా అయింది. ఇప్పుడు యంత్రం ఆగాక, మ్యాట్ లోపల ఉండగానే ఒక మూల మెల్లగా ఎత్తి చూస్తాము. తెగకపోతే అదే గీతపై మరోసారి కోయిస్తాము.

ఆ నాలుగు నిమిషాల ఓపిక ఒక పలకను మిగులుస్తుంది. ఆ పలకతో మరో అమ్మాయి పని నేర్చుకుంటుంది.