చూచిరాత – సొంత రాత



ఒకటవ తరగతిలో చూచిరాత ఒక పాఠం. అచ్చులోని అక్షరాన్ని చూచి దిద్దితేనే చేతికి రాత వస్తుంది. అదే చూచిరాత పదవ తరగతిలో పరుల మాటను తన మాటగా చెప్పుకోవడమవుతుంది. ఈ రెంటి నడుమ గీత ఎక్కడున్నదో మనం పిల్లలకు ఎన్నడైనా చెప్పామా?

కాపీ అనగానే మనకు పరీక్ష హాలు, చిట్టీలు గుర్తుకు వస్తాయి. వాటిని అరికట్టడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1997లో ప్రత్యేక చట్టమే వచ్చింది. అయినా 2023 ఏప్రిల్‌లో, పూర్వపు కరీంనగర్ జిల్లాలోని కమలాపూర్ కేంద్రం నుండి పదవ తరగతి హిందీ ప్రశ్నపత్రం ఫోన్లలోకి ఎక్కింది. చట్టం పరీక్ష హాలుకు కాపలా కాయవచ్చు. నోటుబుక్కుకు ఎవరు కాస్తారు? అలవాటు మొదలయ్యేది అక్కడే.

మన రాష్ట్రంలో 2014-15లో పదవ తరగతికి 80 మార్కుల పబ్లిక్ పరీక్ష, 20 అంతర్గత మార్కుల పద్ధతి వచ్చింది. ప్రాజెక్టు పని ఆ అంతర్గత మార్కుల్లో భాగం. పిల్లవాడు తానే చూచి, అడిగి, ఆలోచించి రాయాలన్నదే ఉద్దేశం. కాని బజారులో గైడు దొరుకుతుంది. ఇప్పుడైతే అడిగిన వెంటనే ఫోనే వ్యాసం రాసిపెడుతున్నది.

కొన్నేళ్ల క్రితం ఒక బడిలో చెరువులపై పిల్లలు రాసిన ప్రాజెక్టులు దిద్దాను. పుస్తకం తర్వాత పుస్తకంలో అవే వాక్యాలు, రంగుల అట్టలు, ముత్యాల వంటి రాత. ఒక అమ్మాయి మాత్రం రెండే పేజీలు, అక్షర దోషాలతో రాసింది. తమ ఊరి చెరువు తూము ఎవరు తెరుస్తారో, నీళ్లు ముందు ఎవరి పొలానికి పోతాయో తాతను అడిగి రాసింది. నేను ఆమెకే తక్కువ మార్కులు వేశాను. “గైడుల చూసి రాస్తే మంచిగుండు గద ఫాదర్” అన్నదా పాప. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతున్నది. ఆ రోజు ఆమెకు కాపీ కొట్టడం నేర్పింది నా ఎర్ర సిరాయే.

అందుకే ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నాలుగు మాటలు.

మొదటిది, ప్రశ్న మార్చండి. “శాసనాల ప్రాముఖ్యం రాయుము” అంటే గైడు జవాబిస్తుంది. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టకు తీసుకువెళ్లి “నీవేమి చూశావు?” అంటే పిల్లవాడే జవాబు చెప్పాలి.

రెండవది, పేరు చెప్పడం నేర్పండి. ఆ గుట్టమీద సుమారు క్రీ.శ. 945లో జినవల్లభుడు సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. తన అన్న పంపకవిని, తల్లిదండ్రులను అందులో పేరుపేరునా తలచాడు. పునీత తోమాసు అక్వీనాసు అరిస్టాటిల్‌ను “తత్వవేత్త” అని పేర్కొంటూ ఆయన మాటలను ఉదహరించాడు. అందువలన ఆయన గొప్పతనం తగ్గిందా? ఇతరుల నుండి తీసుకోవడం తప్పు కాదు, దాచడం తప్పు.

మూడవది, పుస్తకం మూయించి, రాసినది రెండు నిమిషాలు నోటితో చెప్పించండి. తన ఆలోచనైతే తడబడుతూనైనా చెబుతాడు.

నాలుగవది, తప్పులున్నా సొంత వాక్యానికి మార్కు వేయండి. కాపీ కొట్టి దొరికిన పిల్లవాణ్ణి నలుగురిలో అవమానించక, మళ్లీ రాయించండి.

పై చదువుల్లో ఇంత ఓపిక ఉండదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో, పరిశోధన గ్రంథంలో 60 శాతానికి మించి ఇతరుల రచనతో పోలిక తేలితే విద్యార్థి నమోదే రద్దు చేయాలని ఉన్నది. అక్కడ అంత నష్టపోవడం కన్నా ఇక్కడ దిద్దుకోవడం ఎంతో సులువు.

ఈ రాత్రి మీ పిల్లల నోటుబుక్కు తెరవండి. “ఇందులో నీ సొంత వాక్యం ఏది?” అని ప్రేమతో అడగండి. ఒక్కటి చూపినా చాలు, మెచ్చుకోండి. రేపు రెండు రాస్తారు.